విదేశం నుంచి కాపీరైట్ నోటీసు వస్తే ఏం చేయాలి

మీరు కష్టపడి చేసిన వీడియో, రాసిన వ్యాసం ఉన్నట్టుండి మాయమవుతుంది. అది ఉండాల్సిన చోట "కాపీరైట్ ఫిర్యాదు వల్ల తొలగించాం" అని ఒక్క లైను కనిపిస్తుంది. ఫిర్యాదు చేసినవాళ్లది ఒక దేశం, తీసేసిన కంపెనీది ఇంకో దేశం, మీరు ఉండేది మరో దేశం. ఎవరిని అడగాలో, ఏ చట్టం వర్తిస్తుందో అర్థం కాదు. ఆ టెన్షన్‌లో కొందరు మిగతావి కూడా పోతాయేమోనని కిమ్మనకుండా ఊరుకుంటారు. ఇంకొందరు కోపంలో అదే వీడియోను వేరే అకౌంట్ నుంచి మళ్లీ పెడతారు. రెండింటివల్లా నష్టం మీకే. రెండోది మరీ ప్రమాదం: తెలిసే చేశారని వాదించడానికి అవతలివాళ్లకు మీ చేతులతో మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మీకు వచ్చిన నోటీసు ఒక ఆరోపణ, అంతే. ఏ జడ్జీ దాన్ని చూడలేదు. అయినా కంపెనీ వెంటనే ఎందుకు తీసేస్తుందంటే, అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) అనే చట్టం అలా ఏర్పాటు చేసింది. ఫిర్యాదు అందగానే తీసేస్తే, వాడుకరులు పెట్టినవాటికి కంపెనీ నష్టపరిహారం కట్టాల్సిన బాధ్యత నుంచి బయటపడుతుంది. తప్పొప్పులు విచారిస్తూ కూర్చుంటే ఆ రక్షణ పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు తీసేయడమే దానికి క్షేమం. పెద్ద ప్లాట్‌ఫామ్‌లు చాలావరకు అమెరికావే కాబట్టి, మీరు ప్రపంచంలో ఎక్కడున్నా మీకు తగిలేది ఆ చట్టమే. అయితే అదే చట్టం, అదే 512వ సెక్షన్‌లో, మీకు తిరిగి జవాబు చెప్పే హక్కు కూడా ఇచ్చింది. భయంవల్ల ఆ హక్కును వదులుకోవడం దగ్గరే ఇంటర్నెట్ స్వేచ్ఛకు అసలు దెబ్బ తగులుతోందని నా నమ్మకం. ఎవరూ నిషేధించకుండానే, ఏ కోర్టూ తప్పనకుండానే మంచి రచనలు, నిజాలు కనబడకుండా పోతున్నాయి.

ఇది పైరసీని కాపాడే గైడ్ కాదు. ఇంకొకరి సినిమానో పుస్తకమో మొత్తంగా ఎక్కించి ఉంటే, నాలుగో పని చదివి అక్కడితో ఆగండి.

మొదటి పని: వచ్చింది ఏమిటో గుర్తుపట్టండి

అన్నిటినీ "కాపీరైట్ నోటీసు" అనే అంటాం గానీ, ఇందులో ఒకదానికొకటి సంబంధం లేని రకాలున్నాయి. ఒకదానికి చేయాల్సిన పని ఇంకోదానికి చేస్తే చిక్కుల్లో పడతారు.

మెయిల్‌లో వచ్చిందంటే ముందు అది అసలుదేనా అని చూడండి. కాపీరైట్ పేరుతో భయపెట్టి పాస్‌వర్డ్ కొట్టేసే నకిలీ మెయిళ్లు చాలా తిరుగుతున్నాయి. "ఆధారాలు జత చేశాం" అని ఒక ఫైలు పెడతారు, తెరిస్తే వైరస్. మెయిల్‌లోని లింకు నొక్కకండి, ఫైలు తెరవకండి. బ్రౌజర్‌లో విడిగా మీ అకౌంట్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ ఏ నోటీసూ లేకపోతే ఆ మెయిల్‌ను అనుమానించాల్సిందే.

యూట్యూబ్‌లో అయితే కంటెంట్ ఐడీ (వీడియోలను పోల్చి చూసే యూట్యూబ్ యంత్ర వ్యవస్థ) క్లెయిమ్ వేరు, తొలగింపు ఫిర్యాదు వేరు. క్లెయిమ్ అనేది యంత్రం పట్టుకున్న పోలిక. హక్కుదారులు ఇచ్చిన ఫైళ్లతో మీ వీడియోను పోల్చి, కొంత భాగం కలిసిందని చెబుతుంది. వీడియో సాధారణంగా అలాగే ఉంటుంది. ప్రకటనల డబ్బు వాళ్లకు వెళ్తుంది, లేదా కొన్ని దేశాల్లో కనబడకుండా పోతుంది. స్ట్రైక్, అంటే ఛానెల్ మీద పడే తప్పు గుర్తు, పడదు. తొలగింపు ఫిర్యాదు చట్టప్రకారం ఇచ్చేది. దానితో వీడియో పోతుంది, స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ మొత్తం పోయే ప్రమాదం ఉంది.

సొంత వెబ్‌సైట్ ఉంటే నోటీసు హోస్టింగ్ కంపెనీకో (సైటును తన సర్వర్‌లో ఉంచేది), డొమైన్ (సైటు చిరునామా) అమ్మినవాళ్లకో వెళ్లి, వాళ్ల నుంచి మీకు వస్తుంది. గూగుల్ సెర్చ్ నుంచి మీ పేజీని తీసేయించడం ఇంకో పద్ధతి. పేజీ ఎక్కడిదక్కడే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. దీనికి సంబంధించిన సమాచారం, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలోకి వస్తుంది. అందులో సైటును నమోదు చేసుకోకపోతే మీకు తెలియడం కష్టం. కాబట్టి ఇప్పుడే చేసుకోండి.

మిగిలింది డబ్బు అడిగే ఉత్తరం. మీ సైటులో ఫలానా ఫొటో వాడారు, ఇంత కట్టండి, లేకపోతే కోర్టుకెళ్తాం అంటారు. కొన్ని నిజమైనవి, కొన్ని బెదిరించి వసూలు చేసేవి. వెంటనే కట్టకండి, చెత్తబుట్టలోనూ వేయకండి. ఆ ఫొటో హక్కు తమదేనని చూపే కాగితం, ఫొటోగ్రాఫర్‌తో ఉన్న ఒప్పందం, అడిగిన మొత్తానికి లెక్క పంపమని మర్యాదగా రాయండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక్క వాక్యం కూడా ఆ జవాబులో రాయకండి. ఇలాంటి ఉత్తరాల బెడద ఎంతగా పెరిగిందంటే, ఇంటర్నెట్ కంపెనీల ద్వారా చందాదారులకు చేరే కాపీరైట్ నోటీసుల్లో డబ్బు డిమాండ్ పెట్టకూడదని కెనడా 2018లో చట్టాన్నే మార్చింది.

రెండో పని: ఆధారాలు దాచుకోండి

ఇది ఎవరికీ జవాబు రాయకముందే చేయాలి. నోటీసు పూర్తి పాఠం, తేదీ, ఫిర్యాదుదారు పేరు, తీసేసిన పేజీ పూర్తి లింకు, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయండి. వీడియో అసలు ప్రాజెక్టు ఫైలు, కెమెరా నుంచి వచ్చిన ముడి ఫైళ్లు, సంగీతం కొన్న రసీదు, లైసెన్సు పేజీ కాపీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. లైసెన్సు పేజీలు మారిపోతుంటాయి. నిన్న ఉచితం అన్నవాళ్లు రేపు కాదనవచ్చు. అందుకే ఏదైనా వాడిన రోజే ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచడం అలవాటు చేసుకోండి. మీరు ఎప్పుడు ప్రచురించారో చూపడానికి కూడా ఆ కాపీయే పనికొస్తుంది.

ప్రచురణ తేదీ ఎందుకంత ముఖ్యమంటే, ఒక మోసం బాగా నడుస్తోంది. తమకు ఇబ్బంది కలిగించే వార్తను ఎవరో ఒక అనామక సైటులో కాపీ చేసి, పాత తేదీ వేసి పెడతారు. తర్వాత "అసలు మాది, కాపీ వాళ్లది" అని ఫిర్యాదు చేసి నిజమైన వార్తను తీయిస్తారు. అవినీతి గురించి రాసే విలేకరులకు ఇది ఎదురవుతుంటుంది. వేబ్యాక్ మెషీన్ కాపీకి తేదీ వేసేది ఆర్కైవే గనక, దాన్ని ఎవరూ వెనక్కి జరపలేరు.

మూడో పని: నిజంగా ఎవరిదో తేల్చుకోండి

ఇక్కడ మీతో మీరు నిజాయితీగా ఉండాలి. "క్రెడిట్ ఇచ్చాను", "30 సెకన్లే వాడాను", "దీనిమీద డబ్బు సంపాదించలేదు" అనే మూడు మాటలు అందరూ చెబుతారు. ఈ మూడింటిలో ఏదీ ఒంటరిగా మిమ్మల్ని కాపాడదు. ఇన్ని సెకన్ల వరకు పర్వాలేదనే నియమం అమెరికా చట్టంలో లేదు.

నిలబడే కారణాలు వేరే ఉన్నాయి. అది పూర్తిగా మీ సొంత పని కావచ్చు. లైసెన్సు ఉండవచ్చు. క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని కర్తే ఇచ్చే లైసెన్సు) కింద ఇచ్చినదైతే షరతులన్నీ పాటించి ఉండాలి. కాపీరైట్ గడువు తీరిపోయి ఉండవచ్చు. లేదా విమర్శ, సమీక్ష, వార్త, బోధన కోసం తగినంత మాత్రమే తీసుకుని ఉండవచ్చు. దీన్నే అమెరికాలో ఫెయిర్ యూజ్ అంటారు. అక్కడి కోర్టులు నాలుగు విషయాలు చూస్తాయి: ఏ ఉద్దేశంతో వాడారు, మూలకృతి ఎలాంటిది, అందులోంచి ఎంత తీసుకున్నారు, దానివల్ల మూలకృతి మార్కెట్ దెబ్బతింటుందా. ఒక సన్నివేశాన్ని చూపిస్తూ అందులో కెమెరా ఏం చేసిందో మీరు విడమరిచి చెబితే మీ వైపు బలం ఉంటుంది. అదే సన్నివేశాన్ని ఏ వ్యాఖ్యానం లేకుండా పెడితే ఉండదు.

గడువు తీరిన కృతుల విషయంలో ఒక మెలిక ఉంది. పాత పాట బాణీకి గడువు తీరినా, ఎవరో ఈమధ్య పాడి రికార్డు చేసినదానికి విడిగా హక్కు ఉంటుంది. మీరే పాడారా, వాళ్ల రికార్డింగు వాడారా అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. యంత్రాలు ఇక్కడే తరచూ పొరబడతాయి. మీరు సొంతంగా వాయించినదాన్ని కూడా ఎవరిదో రికార్డింగు అనుకుంటాయి.

ఇక సరిహద్దుల సంగతి. ప్రపంచమంతటికీ ఒకే కాపీరైట్ అంటూ లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలు ఒకరి పౌరుల రచనలను ఇంకొకరు కాపాడతామని ఒప్పుకున్నాయి. కాపాడే తీరు మాత్రం ఎవరి చట్టం వారిదే. ఆ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలం, ఆపై కనీసం 50 ఏళ్లు హక్కు ఉండాలి. భారత్‌లో 60, ఐరోపా యూనియన్‌లో 70 ఏళ్లు. కాబట్టి ఒకే పుస్తకం ఒక దేశంలో అందరిదీ, పక్క దేశంలో ఒకరి ఆస్తి.

దీనివల్ల ఏమవుతుందో ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనుభవం చూస్తే తెలుస్తుంది. గడువు తీరిన పుస్తకాలను ఉచితంగా ఇచ్చే అమెరికా సంస్థ అది. ముగ్గురు జర్మన్ రచయితల 18 పుస్తకాలు అమెరికాలో అందరివీ అయ్యాయి గానీ జర్మనీలో ఇంకా కాలేదు. 2018లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు, ఆ పుస్తకాలు జర్మన్ పాఠకులకు అందకూడదని తీర్పిచ్చింది. దాంతో సంస్థ మొత్తం జర్మనీకే తన సైటును మూసేసింది. 2021లో రాజీ కుదిరాకే మళ్లీ తెరిచింది. మూడేళ్లకు పైగా, ఆ 18 పుస్తకాలతో ఏ సంబంధమూ లేని వేల పుస్తకాలు కూడా అక్కడివారికి అందలేదు. మీకు ఇలాంటి పరిస్థితి వస్తే, ఆ ఒక్క కృతిని ఆ ఒక్క దేశంలో కనబడకుండా చేసే వీలుందేమో ముందు అడగండి. చాలా ప్లాట్‌ఫామ్‌లలో ఉంటుంది.

బెర్న్ ఒప్పందంలో మనకు పనికొచ్చే అధికరణం 10 కూడా ఉంది. చట్టబద్ధంగా ప్రజలకు చేరిన రచన నుంచి, న్యాయమైన పద్ధతిలో, అవసరమైనంత మేరకు ఉటంకించవచ్చని, మూలం పేరు చెప్పాలని అది అంటుంది. ఫెయిర్ యూజ్ అనే మాట లేని దేశాల్లో కూడా ఈ ఉటంకింపు హక్కు ఏదో రూపంలో ఉంటుంది. మీ జవాబులో దీన్ని ప్రస్తావించండి.

నాలుగో పని: తప్పు మీదైతే

వెంటనే తీసేయండి. ఫిర్యాదుదారుకు చిన్న మెయిల్ రాసి, తీసేశానని చెప్పి, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లు వెనక్కి తీసుకుంటే స్ట్రైక్ కూడా పోతుంది. అక్కడ ఉన్నది మీ చానల్ కాపాడుకునే మార్గం మాత్రమే, వాదించడానికి ఏమీ లేదు. ఇందులో సిగ్గుపడాల్సిందీ లేదు. ఇతరుల కష్టాన్ని గౌరవించమని అడిగేవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

ఐదో పని: యంత్రం పెట్టిన క్లెయిమ్‌ను వివాదం చేయండి

కంటెంట్ ఐడీ క్లెయిమ్ తప్పని మీకు నమ్మకం ఉంటే, యూట్యూబ్ స్టూడియోలోనే వివాదం నమోదు చేయవచ్చు. ఐదు రోజుల్లోగా చేయండి. అలా చేస్తే క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును యూట్యూబ్ పక్కన పెడుతుంది, తేలాక గెలిచినవారికి ఇస్తుంది. ఆలస్యం చేస్తే మొదటి రోజుల డబ్బు చేజారుతుంది. క్లెయిమ్ చేసినవారికి 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు స్పందించకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. తిరస్కరిస్తే మీరు అప్పీలు చేయవచ్చు. అప్పీలును కూడా ఒప్పుకోకపోతే వాళ్లు చట్టప్రకారం తొలగింపు ఫిర్యాదు ఇవ్వాలి, అప్పుడు స్ట్రైక్ పడుతుంది. అంటే అప్పీలు దాకా వెళ్లేవారు కౌంటర్ నోటీసుకు (ఆ ఫిర్యాదుకు చట్టప్రకారం ఇచ్చే జవాబు, ఆరో పనిలో చూడండి) కూడా సిద్ధంగా ఉండాలి.

వివాదం పెట్టెలో ఆవేశంగా రాయకండి. "నిమిషం 2 నుంచి వినిపించేది నేనే వాయించిన వీణ, ముడి రికార్డింగు నా దగ్గర ఉంది" లాంటి ఒక్క వాక్యం, పది వాక్యాల ఆవేదన కంటే ఎక్కువ పని చేస్తుంది.

మీరు ఐరోపా యూనియన్‌లో ఉంటే ఇంకో బలం ఉంది. 2019 నాటి కాపీరైట్ ఆదేశం ప్రకారం వాడుకరి అభ్యంతరాన్ని యంత్రం ఒక్కటే తేల్చకూడదు, మనిషి చూడాలి. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం కింద, ఎందుకు తీసేశారో కారణం రాసివ్వమని, కోర్టు బయట స్వతంత్ర సంస్థ దగ్గర తేల్చమని మీరు అడగవచ్చు.

ఆరో పని: కౌంటర్ నోటీసు

ఇది అన్నిటికంటే బరువైన అడుగు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

కౌంటర్ నోటీసు మామూలు అప్పీలు లాంటిది కాదు, చట్టప్రకారం ఇచ్చే ప్రకటన. అందులో ఇవి ఉండాలి: మీ సంతకం, డిజిటల్‌ది అయినా సరే. తీసేసినది ఏది, తీసేయకముందు ఏ లింకులో ఉండేది. పొరపాటువల్లో, ఒకదాన్ని ఇంకోటిగా పొరబడటంవల్లో దీన్ని తీసేశారని నిజాయితీగా నమ్ముతున్నానని ప్రమాణపూర్వక వాక్యం. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు. అమెరికా ఫెడరల్ కోర్టు అధికార పరిధికి ఒప్పుకుంటున్నానని, ఫిర్యాదుదారు పంపే కోర్టు కాగితాలు అందుకుంటానని అంగీకారం. మీరు అమెరికా బయట ఉంటే, ఆ ప్లాట్‌ఫామ్ ఉన్న ప్రాంతపు కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టవుతుంది.

ప్రమాణపూర్వకం అన్నమాట ఊరికే లేదు, అబద్ధం రాస్తే నేరం. మీ వివరాలన్నీ ఫిర్యాదుదారు చేతికి వెళ్తాయి. ఒక శక్తిమంతుడి గురించి రాసి, పేరు బయటపడితే ప్రాణానికే ముప్పు ఉన్నవారు నేరుగా పంపకూడదు. మీ తరఫున లాయర్ చిరునామాతో పంపడానికి వీలుందేమో ముందు కనుక్కోండి. కొందరు వివరాలు రాబట్టడానికే తప్పుడు ఫిర్యాదు చేస్తారు. ఆన్‌లైన్ స్వేచ్ఛ కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, లా కాలేజీల్లో ఉచితంగా సలహా ఇచ్చే క్లినిక్కులు ఇలాంటి కేసులు చూస్తాయి.

పంపాక ఏం జరుగుతుంది? ప్లాట్‌ఫామ్ దాన్ని ఫిర్యాదుదారుకు పంపుతుంది. వాళ్లు కోర్టులో కేసు వేశామని చూపకపోతే, 10 నుంచి 14 పనిదినాల మధ్య మీ వీడియోనో పేజీనో తిరిగి పెట్టాలి. చేతిలో సరైన ఆధారం లేనివాళ్లు కోర్టు ఖర్చు పెట్టుకోవడానికి వెనకాడతారు. అయితే కేసు వేస్తే విషయం పెద్దదే. అమెరికా చట్టం కింద, నష్టం ఎంతో నిరూపించకపోయినా ఒక్కో కృతికి 750 డాలర్ల నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలని చేసిందని తేలితే 1,50,000 డాలర్ల దాకా పరిహారం విధించవచ్చు. కాబట్టి పూర్తిగా మీ సొంత పని అయితే ధైర్యంగా పంపండి. ఫెయిర్ యూజ్ మీద ఆధారపడుతుంటే, ఎదుట ఉన్నది పెద్ద స్టూడియో అయితే, పంపే ముందు లాయర్‌తో ఒక గంట మాట్లాడండి.

ఫిర్యాదు కావాలనే చేసిన అబద్ధమైతే, అదే చట్టం కింద మీరే వాళ్ల మీద పరిహారం అడగవచ్చు. ఓటింగ్ యంత్రాలు తయారుచేసే డీబోల్డ్ అనే కంపెనీ, తన యంత్రాల లోపాలను బయటపెట్టిన అంతర్గత మెయిళ్లను విద్యార్థులు ఆన్‌లైన్‌లో ఉంచితే, కాపీరైట్ నోటీసులతో తీయించబోయింది. 2004లో కోర్టు ఆ నోటీసులు తప్పని తేల్చింది. కంపెనీ 1,25,000 డాలర్లు చెల్లించింది. 29 సెకన్ల పసిబిడ్డ డ్యాన్సు వీడియోను వెనక వినిపించిన పాట కోసం తీయించిన కేసులో, ఫిర్యాదు చేసే ముందు ఫెయిర్ యూజ్ గురించి ఆలోచించాల్సిందేనని అమెరికా అప్పీళ్ల కోర్టు 2015లో చెప్పింది. అయితే మనస్ఫూర్తిగా అలా నమ్మామని ఫిర్యాదుదారు చూపితే చాలు అని కూడా అంది. అందుకే ఈ దారిలో గెలవడం తేలిక కాదు. బెదిరింపు ఉత్తరానికి జవాబులో ఈ తీర్పులను ప్రస్తావించడం వల్ల మాత్రం చాలాసార్లు స్వరం మారుతుంది.

ఏడో పని: సొంత సైటు ఉన్నవారు డొమైన్ గురించి ఆలోచించండి

వీడియో పోతే ఒక్కటే పోతుంది, డొమైన్ పోతే అంతా పోతుంది. డాట్ కామ్, డాట్ నెట్ చిరునామాల పట్టీని నిర్వహించేది అమెరికాలోని వెరిసైన్ కంపెనీ. మీ సర్వర్ ఎక్కడున్నా, మీరు ఏ దేశస్థులైనా, అక్కడి కోర్టు ఆదేశం ఆ పట్టీని తాకగలదు. రోహాదిరెక్తా అనే స్పానిష్ క్రీడల లింకుల సైటు చట్టబద్ధమేనని స్పెయిన్ కోర్టులు చెప్పాయి. అయినా 2011 మొదట్లో అమెరికా అధికారులు దాని డొమైన్‌ను స్వాధీనం చేసుకున్నారు. 2012 ఆగస్టులో తిరిగి ఇచ్చేశారు. సంగీతం గురించి రాసే దజాజ్1 అనే బ్లాగు డొమైన్‌ను 2010 నవంబరులో తీసుకుని, ఏ అభియోగమూ మోపకుండా 2011 డిసెంబరులో వదిలేశారు. ఏడాదికి పైగా ఆ సైటు మూగబోయింది. దానికి సమాధానం చెప్పుకున్నవారు లేరు. అప్పుడే సైట్లను ఆపడానికి ఇంకా విశాలమైన అధికారాలు ఇవ్వబోయిన సోపా, పిపా అనే అమెరికా బిల్లులను 2012 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా సహా వేల సైట్లు నల్లబడి నిరసించాయి. ఆ బిల్లులు ఆగిపోయాయి. నిరసన ఫలితమిచ్చిన అరుదైన సందర్భం అది.

మీరు చేయాల్సింది ఇంతే. సైటు మొత్తం బ్యాకప్ మీ సొంత డిస్కులో ఉంచుకోండి. డొమైన్ ఒక కంపెనీలో, హోస్టింగ్ ఇంకో కంపెనీలో పెట్టండి. పాఠకుల ఈమెయిల్ జాబితా మీ దగ్గర ఉంచుకోండి, చిరునామా మారితే చెప్పడానికి అదే దారి. డొమైన్ నమోదులో ఇచ్చిన మెయిల్ పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడు చూడండి. నోటీసు పాత మెయిల్‌కు వెళ్లి, జవాబు రాలేదని సైటు ఆపేయడం మామూలే.

ఎనిమిదో పని: ఒక దేశంలో సైటు తెరుచుకోకపోతే

ఇది నోటీసు లేకుండా జరుగుతుంది. పైరసీ సైట్లను ఆపమని కోర్టో, ప్రభుత్వ సంస్థో ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశం ఇస్తుంది. ఆ సైటు వాడే ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే నంబరు) మూసేస్తే, అదే చిరునామాను పంచుకునే వందల వేల సైట్లు కూడా మూతపడతాయి. 2022 ఆగస్టులో ఆస్ట్రియాలో, ఎన్నో సైట్లకు ముందు నిలబడి సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఐపీలను ఆపినప్పుడు ఇదే జరిగింది. ఇటలీలో పైరసీ షీల్డ్ అనే వ్యవస్థ ఫిర్యాదు అందిన 30 నిమిషాల్లో ఆపేయిస్తుంది. 2024 అక్టోబరులో అది పొరపాటున గూగుల్ డ్రైవ్‌కే అడ్డుపడింది. గూగుల్‌కే అలా జరిగితే చిన్న సైటుకు జరగడం ఎంతసేపు? గూగుల్ విషయం వెంటనే వార్తయింది, చిన్న సైటు విషయం దాని యజమానికి కూడా ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ దేశంలో ఉన్న ఇద్దరు ముగ్గురిని వేర్వేరు ఇంటర్నెట్ కంపెనీల మీద తెరిచి చూడమనండి. ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్‌తో పరీక్షిస్తే, డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీ నంబరుగా మార్చే వ్యవస్థ) దగ్గర ఆగిందా, ఐపీ దగ్గర ఆగిందా తెలుస్తుంది, ఫలితం తేదీతో సహా బహిరంగంగా నమోదవుతుంది. పేజీలో 451 అనే ఎర్రర్ కనిపిస్తే చట్టపరమైన కారణంతో ఆపారని అర్థం. తర్వాత ఆ ఇంటర్నెట్ కంపెనీకి, ఏ కోర్టు, ఏ ఆదేశం, ఏ తేదీ అని రాతపూర్వకంగా అడగండి. పొరపాటున మూతపడిన మూడో వ్యక్తిగా మీ సైటును మినహాయించమని కోరండి. ఐపీ సమస్య అయితే ఇతరులతో పంచుకోని విడి ఐపీకి మారడం అన్నిటికంటే త్వరగా పనిచేస్తుంది. వేరే దేశం నుంచి చూస్తున్నట్టు కనిపించేలా చేసే వీపీఎన్‌తో పాఠకులు తెరవగలరు గానీ నిషేధం తొలగదు, కొన్ని దేశాల్లో వీపీఎన్ వాడకం మీదే ఆంక్షలున్నాయి.

మీరే హక్కుదారులైతే

మీ పుస్తకాన్నో పాటనో ఎవరో దొంగిలించి పెడితే ఇదే ఆయుధం మీ చేతికి వస్తుంది. వాడండి, మొహమాటం వద్దు. నోటీసులో మీ కృతి ఏదో, అవతలి కచ్చితమైన లింకు ఏదో రాయండి. సైటు మొత్తం తీసేయమని అడగకండి. పంపే ముందు ప్రతి లింకూ మీరే తెరిచి చూడండి. సమీక్షలో మీ నాలుగు వాక్యాలు ఉటంకించినవారిని, మీ పుస్తకాన్ని తిట్టినవారిని ఆ జాబితాలో చేర్చకండి. మీ తరఫున నోటీసులు పంపే ఏజెన్సీని పెట్టుకుంటే, వారు ఏం పంపుతున్నారో నెలకోసారి జాబితా అడగండి, మీ పేరుతో వెళ్లే అబద్ధానికి బాధ్యులు మీరే.

చివరి పని: నోటీసును లూమెన్‌కు పంపండి

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని లూమెన్ ప్రాజెక్టు ఇలాంటి తొలగింపు నోటీసులను సేకరించి, ఎవరైనా వెతికేలా ఉంచుతుంది. గూగుల్ తనకు వచ్చేవాటి కాపీలు అక్కడికి పంపుతుంది. జవాబు రాసే ముందే అక్కడ ఫిర్యాదుదారు పేరుతో వెతకండి. వాళ్లు ఇంకెవరెవరి మీద ఇదే చేశారో తెలిస్తే మీ కౌంటర్ నోటీసు బలపడుతుంది. వ్యవహారం తేలాక మీకు వచ్చినదాన్ని కూడా అక్కడ చేర్చండి. మీ చిరునామా, ఫోన్ నంబరు కొట్టేసి పంపండి, ఫిర్యాదుదారు వ్యక్తి అయితే వారివి కూడా. ఫిర్యాదుతో పాటు మీ కౌంటర్ నోటీసు, వీడియో తిరిగి వచ్చిన తేదీ జత చేయండి. లేదంటే రేపు వెతికేవారికి కనిపించేది ఆరోపణ ఒక్కటే.